రెండో ఒడి

ఐలవ్వ దుబాయ్ వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఇంతవరకు ఒక్క కుర్చీలోనైనా పది నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

కరామాలో మూడో అంతస్తు ఫ్లాటు. మనవరాలు ప్రజ్ఞ, ఆమె భర్త పొద్దున ఏడున్నరకే తాళంచెవి ఈమె చేతికిచ్చి మెట్రోకు పరుగెత్తుతారు. ఆ తర్వాత అంతా ఐలవ్వ రాజ్యం. వంటింట్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింట్లోకి. బాల్కనీ తలుపు తీయగానే జూన్ ఎండ మొహాన కొడుతుంది. తలుపు మూస్తుంది. రెండు నిమిషాలాగి, ఈలోగా ఎండ తగ్గి ఉంటుందేమోనన్నట్టు మళ్లీ తీస్తుంది. పోనీ కూర్చుందా, కుడిచేతి వేళ్లు ఊరుకోవు. టీపాయి మీద, పళ్లెం అంచు మీద, నీళ్ల డబ్బా మీద టకటకలాడుతూనే ఉంటాయి. భివండీ మరమగ్గాల కార్ఖానాలో నలభై ఏళ్లు దారం చుట్టిన వేళ్లు కదా, ఖాళీగా ఉండలేకపోతున్నాయని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు. ఆ అలవాటు కార్ఖానాలో రాలేదు. ఎక్కడ వచ్చిందో ఐలవ్వకొక్కదానికే తెలుసు.

"అమ్మమ్మా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్. జర కూసోరాదు?" అంటుంది ప్రజ్ఞ సాయంత్రం వచ్చి.

"కూసుంటే ఏమొస్తది? నడుం నొప్పొస్తది," అంటుంది ఐలవ్వ, నడుస్తూనే.

అరవై ఆరేళ్ల మనిషి. ముసలాయన విమానమంటే భయపడి భివండీలోనే కొడుకు దగ్గర ఉండిపోయాడు. "నువ్వన్న చూసి రా" అని ఈమెను పంపాడు. చూడ్డానికేముంది, అద్దాల మేడలు రెండు రోజుల్లో అయిపోయాయి.

ఓ మంగళవారం పొద్దున కొత్తిమీర కోసం సందు చివర కూరగాయల దుకాణానికి దిగింది. కట్టలు ఏరుతుంటే వెనకాల ఎవరో ఫోనులో మాట్లాడుతున్నాడు.

"ఆఁ ఆఁ, మన మోదులొద్దిల గీ ఇత్వారమే. నాలుగు వందల మంది ఆడబిడ్డలొస్తున్నరట. బస్సులు పెట్టిన్రట."

ఐలవ్వ చేతిలో కొత్తిమీర చేతిలోనే ఉండిపోయింది. మోదులొద్ది. ఆ పేరు పరాయి మనిషి నోట విని యాభై ఆరేళ్లయింది. సొంత తండ్రి చనిపోయేదాకా ఆ పేరు పలకలేదు. ఈమె పిల్లలకు కూడా "మా ఊరు కరీంనగర్ దిక్కు" అని చెప్పి ఊరుకుంది. అక్కడ వాడ తగలబెడితే బొంబాయి దారి పట్టామని మాత్రం వాళ్లకు తెలుసు. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఫోను మాట్లాడిన మనిషి దుకాణం దాటి పోతున్నాడు. యాభై దాటి ఉంటాడు, నీలం రంగు కంపెనీ డ్రెస్సు, భుజాన పనిముట్ల సంచి. మీసానికి రంగు వేశాడు కానీ వారం నాటిది, మొదళ్లు తెల్లబడ్డాయి. ఐలవ్వ డబ్బులిచ్చిందో లేదో కూడా గుర్తులేకుండా వెనకాలే నడిచింది. సిగ్నల్ దగ్గర అందుకుంది.

"ఓ అయ్యా! నీది మోదులొద్దియా?"

అతను గిర్రున తిరిగాడు. "అవునమ్మా! మీకెర్కనా మా ఊరు?"

"నేను గా ఊళ్లనే పుట్టిన."

మనసు వద్దనేలోపు నోరు అనేసింది. అతని మొహం చూడాలి, పండగే. పేరు పర్శరాములు. దుబాయ్ వచ్చి ఇరవై రెండేళ్లు, అల్ ఖూజ్‌లో వడ్రంగి కార్ఖానాలో పని. ఇక్కడ ఓ బిల్డింగులో వంటింటి అలమరలు బాగుచేయడానికి వచ్చాడట. ఆమె సంచి లాక్కుని, ఇంటిదాకా వస్తానంటూ, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఊళ్లె బొడ్రాయి కొత్తగ నిలవెడుతున్నరమ్మా. వెనకట ఎప్పుడో పెట్టిందట, గిన్నేండ్లకు మళ్ల. ఊరాడబిడ్డలు యాడున్నా పిలిపిచ్చి ఒడిబియ్యం పొయ్యాలె గద? మేం అల్ ఖూజుల యాభై మందిమి ఉన్నం మోదులొద్దోళ్లం. పోదామంటే ముదీరు, గదే మేనేజరు, సుట్టీ ఇయ్యడు. అందుకే మా కార్ఖానల్నే చిన్నగ జేస్తున్నం. మా విక్రమ్ సారు ముందట వడ్డడు. రాఘవరావు దొర మనుమడు లేడూ, ఆయనే. పెద్ద ఇంజనీరు. గని ఆడబిడ్డ లేని బొడ్రాయేందమ్మా? నెల సంది ఎతుకుతున్నం. దేవుడే మిమ్ముల సూపెట్టిండు."

రాఘవరావు దొర అన్న మాట దగ్గర ఐలవ్వ వేళ్లు కొంగు మీద టకటకమనడం మొదలుపెట్టాయి. ఇల్లు చేరేదాకా ఆగలేదు.

తలుపు తీసి, "లోపలికి రా నాయినా, నీళ్లు తాగిపో," అంది. పర్శరాములు గడప బయటే బూట్లు విడిచాడు. విడిచి, అక్కడే నిలబడ్డాడు. ఆమె స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి చాపితే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా కాడ ఉన్నయమ్మా," అని సంచిలోంచి తన సీసా తీసి, తల పక్కకు తిప్పుకుని తాగాడు. సీసాలో ఉన్నవి రెండే గుక్కలు.

ఐలవ్వకు విషయం అప్పుడు అర్థమైంది. ఈ మనిషి తనను దొరల ఇంటి ఆడబిడ్డ అనుకుంటున్నాడు. కరామాలో ఫ్లాటు, బంగారు రంగు కళ్లద్దాలు, ఇస్త్రీ చీర. ఆ కాలంలో మోదులొద్ది నుంచి బయటి దేశం పోయి బాగుపడ్డ ఆడవాళ్లంటే దొరల ఇంటివాళ్లు తప్ప ఇంకెవరుంటారని అతని లెక్క. ఆ వెనకడుగును బట్టి అతనెవరో కూడా ఆమెకు తెలిసిపోయింది. ఆ అడుగు ఎంత దూరం పడాలో ఆమె తండ్రి పాదాలకు తెలుసు, చిన్నప్పుడు ఆమె పాదాలకూ తెలుసు.

"ఓరి నాయినా, నేను మన వాడకట్టుదాన్నేరా" అంటే అయిపోయేది. అనలేదు. ఎందుకనలేదంటే, సిగ్గు విడిచి చెప్పుకోవాలి, ఒక్క క్షణం ఆమెకు బాగనిపించింది. మోదులొద్ది మనిషి ఒకడు తన గడప ముందు బూట్లు విడిచాడు. పుట్టి బుద్ధెరిగాక అట్లాంటిది చూడలేదు. ఆ బాగనిపించడం రెప్పపాటే ఉంది. ఆ తర్వాత అది లోపల కాలుస్తూనే ఉంది.

"ఎవలింటి ఆడబిడ్డని చెప్పాలమ్మా సారుకు?"

"అది ఇత్వారం చెప్త," అని తలుపు వేసేసుకుంది.

ఆ నాలుగు రోజులు ఐలవ్వ పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. గ్యాస్ ఆపానా లేదా అని సగం మెట్లు దిగి వెనక్కి వచ్చింది. ఆ గ్లాసుడు నీళ్లు పారబోయడానికి చేతులు రాక, తాగడానికీ రాక, వంటింటి గట్టు మీద సాయంత్రం దాకా అట్లాగే ఉంచింది.

బొడ్రాయంటే ఊరి నడిబొడ్డున పాతే రాయి. అది నిలబెట్టిన రోజున ఊళ్లో పుట్టిన ఆడపిల్లలందరినీ పిలుస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు కొంగులో పోసి పంపుతారు. పుట్టినూరు నిన్ను మరచిపోలేదని చెప్పడమే ఒడిబియ్యం. యాభై ఆరేళ్ల కిందట మోదులొద్దిలో బొడ్రాయి పెట్టినప్పుడు ఐలవ్వకు పదేళ్లు. తండ్రి లచ్చయ్య డప్పు చేతపడితే నాలుగూళ్లు వినేవాళ్లు. తూర్పు వాడ పెద్దలు నలుగురితో కలిసి ఆయన దొర గడీకి పోయి ఒక్క మాట అడిగాడు. మా ఆడబిడ్డలు ఊరి ఆడబిడ్డలు కారా, వాళ్ల ఒడిలో కూడా బియ్యం పోయించండి అని. రాఘవరావు దొర నవ్వాడట. లచ్చయ్య ఇంటికొచ్చి డప్పును గుంజకు తగిలించి, "మా ఆడబిడ్డలకు పోసిన్నాడే గీ డప్పు మోగుతది" అన్నాడు. ఆ మాట ఐలవ్వ చెవులారా విన్నది.

బొడ్రాయి డప్పు లేకుండానే నిలబడింది. మూడో నాడు, పట్టపగలు, వాడ పెద్దలంతా కైకిలికి, అంటే కూలిపనికి, పోయిన వేళ మనుషులొచ్చారు. మృగశిర కార్తె, మూడు రోజులుగా వాన. తడిసిన గడ్డి అంటుకోకపోతే గాసునూనె, అదే కిరోసిన్, పోశారు. ఐలవ్వ బయట గిన్నెలు తోముతోంది. లోపల నాలుగేళ్ల చెల్లెలు పోశవ్వ జ్వరంతో గోనెపట్టా కప్పుకుని పడుకుని ఉంది. పొగ చూసి ఐలవ్వ లోపలికి ఉరికింది.

తండ్రి ఐలవ్వకు పసితనం నుంచి ఒకటే పాఠం చెప్పాడు. వానొచ్చినా, ఇల్లు కారినా, ఏం జరిగినా ముందు డప్పు. తోలు తడిస్తే కూడు పోతుంది. పదేళ్ల పిల్ల నేర్చిందే చేసింది. గుంజ మీది డప్పు లాక్కుని చెరువు గట్టు దాకా ఒక్క పరుగు తీసింది. గట్టెక్కాక చేతుల్లోకి చూసుకుంది. డప్పు ఉంది. వెనక్కి తిరిగితే ఇల్లు లేదు.

సాయంత్రం తండ్రి ఆ డప్పును చూశాడు. ఏమీ అనలేదు. తిట్టినా, కొట్టినా ఐలవ్వ బతుకు కొంత తేలికయ్యేది. ఆయన డప్పునూ బిడ్డనూ బొంబాయి రైలెక్కించాడు. భివండీ గోడకు ఆ డప్పు తోలు చివికిపోయేదాకా వేలాడింది. ఒక్కసారి కూడా కొట్టలేదు. ఆ దెబ్బలన్నీ ఐలవ్వ వేళ్లలో మిగిలిపోయాయి.

శనివారం ప్రజ్ఞకు బొడ్రాయి సంగతి చెబితే ఇంతెత్తున లేచింది.

"వాళ్ల బియ్యం లేక మనకు గడుస్తలేదా అమ్మమ్మా? మన ఇండ్లు కాలవెట్టినోళ్లు పిలిస్తే పోతవా?"

"బియ్యానికి కాదే. మా నాయిన ఒక మాట అడిగిండు. ఇప్పటిదాంక ఎవలు జవాబియ్యలే. అది తెలుసుకొనొస్త."

"ఇయ్యకపోతే?"

"ఇయ్యకపోతే ఇయ్యరు. అడిగినన్న ఐతది గద!" అంటూ ఐలవ్వ లేచి, బాల్కనీ తలుపు తీసి, మళ్లీ వేసింది.

ఆదివారం పొద్దున అమ్మమ్మా మనవరాలూ ట్యాక్సీలో అల్ ఖూజ్ పోయారు. వాళ్లుండే లేబర్ క్యాంపులోకి ఆడవాళ్లను రానివ్వరు కాబట్టి పండగ కార్ఖానాలో పెట్టుకున్నారు. సెలవురోజు. మిషన్లకు పట్టాలు కప్పారు, నేల ఊడ్చినా చెక్కపొట్టు వాసన పోలేదు. ఉతికిన చొక్కాలేసుకుని యాభై మంది. నడుమ ప్లైవుడ్ ముక్క మీద రాయి. ఖోర్ ఫక్కాన్ కొండల్లోంచి దేవేందర్ అనే కుర్రాడు పోయిన వారం ఏరి తెచ్చాడట. సముద్రపు గాలి తాగి పెరిగిన రాయి, పసుపూ బొట్టూ పెట్టేసరికి మోదులొద్దిదే అన్నట్టు కూర్చుంది. బయట పికప్పు బానెట్ మీద పర్శరాములు డప్పు బోర్లించి ఉంది. డప్పు బిగుసుకోవాలంటే ఊళ్లో గడ్డిమంట వేసి కాచాలి. ఇక్కడ జూన్ ఎండే ఆ పని చేస్తుంది. మంట చూడాల్సి వస్తుందేమోనని దారంతా బిక్కుబిక్కుమంటూ వచ్చిన ఐలవ్వకు ఆ బానెట్ చూడగానే ఊపిరాడింది.

విక్రమ్ ఎదురొచ్చాడు. నలభై లోపు మనిషి, మంచి మాటతీరు. వంగి ఐలవ్వ కాళ్లకు దండం పెట్టాడు.

"అత్తమ్మా, మీరు రావడం మా అదృష్టం. మా నాన్న ఊళ్లోనే ఉన్నారు, పొద్దటి నుంచి అడుగుతున్నారు, ఎవరా ఆడబిడ్డ అని."

రాఘవరావు దొర మనుమడి తల తన కాళ్ల దగ్గర ఉంటే ఐలవ్వకు గర్వం రాలేదు, కాళ్లు వెనక్కి లాక్కోవాలనిపించింది. ఆమెను తీసుకుపోయి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆఫీసు కుర్చీ, ఉన్న వాటిలో అదే గొప్పది. కుదురు లేని మనిషికి చక్రాల కుర్చీ! ఆమె కాలు ఆడించినప్పుడల్లా అది అటో ఇంత, ఇటో ఇంత జరుగుతోంది. ప్రజ్ఞ వెనకనుంచి గట్టిగా పట్టుకుంది.

ఎదురుగా రంగు డబ్బా మీద ఆనించిన ఫోనులో ఊరు కనబడుతోంది. పందిరి, జనం, మైకు. విక్రమ్ తండ్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఊళ్లో ఆయనను ఇప్పటికీ చిన్నదొర అనే అంటారు, ఎనభై దాటినా సరే. ఐలవ్వ కళ్లద్దాలు తుడుచుకుంది. సిమెంటు రోడ్డు, నీళ్ల ట్యాంకు, ఏదీ గుర్తుపట్టలేకపోయింది.

"తూర్పు దిక్కు చూపియ్యమను బిడ్డా," అంది.

ఫోను తిరిగింది. ముదురు ఆకుపచ్చ చెట్లు, వరసగా, కంచె వేసి.

"అది మా మామిడితోట అత్తమ్మా," అన్నాడు విక్రమ్. "బంగినపల్లి. ఏటా పెట్టెలు ఇక్కడికి కూడా తెప్పిస్తాం."

ఐలవ్వ ఫోనుకు దగ్గరగా వంగింది. పన్నెండు గుడిసెలుండేవి అక్కడ. ఎక్కడెక్కడ ఏ గుడిసె ఉండేదో చెట్ల మధ్య వెతుక్కుంటూ ఉండిపోయింది.

విక్రమ్ భార్య శ్రీసుధ పట్టుచీరలో పళ్లెం తీసుకుని వచ్చింది. పసుపు బియ్యం, కుడుకలు, పోకలు, పసుపు కొమ్ములు, రవిక గుడ్డ. ఖర్జూరాలకు దుబాయ్‌లో కరువా, గుట్టగా పోశారు. పర్శరాములు డప్పు చంకకు తగిలించుకుని షట్టరు దగ్గర, అందరికంటే వెనక నిలబడ్డాడు.

"పోసేముందు ఏ ఇంటి ఆడబిడ్డో గట్టిగా చెప్పాలట, మన ఊరి పద్ధతి," అన్నాడు విక్రమ్. "చెప్పండి అత్తమ్మా. అక్కడ ఊరంతా వింటోంది."

ఐలవ్వ లేచింది. కుర్చీ వెనక్కి జరిగిపోయింది.  ఫోను వైపు తిరిగింది.

"నా పేరు ఐలవ్వ. తూర్పు వాడకట్టు డప్పు లచ్చయ్య బిడ్డను."

 శ్రీసుధ చేతిలో బియ్యం పళ్లెంలోకి జారింది. ముందు వరసలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షట్టరు దగ్గర పర్శరాములు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు.

విక్రమ్ తేరుకుని మెల్లగా అన్నాడు. "తూర్పు వాడ... అది ఎండాకాలం అగ్గిపాటులో కాలిందని మా ఇంట్లో చెప్పేవాళ్లు. మనుషులకేం కాలేదని..."

"ఎండకాలం కాదు బిడ్డా. మిరుగం పడ్డంక మూడో దినం. తడిసిన గడ్డి దానంతట అది అంటుకుంటదా? గాసునూనె పోస్తే అంటుకుంటది." ఆమె పళ్లెం వైపు చూపించింది. "నాకు పొయ్యకున్నా మంచిదే. మా పోశవ్వకు పొయ్యుండ్రి. మా నాయిన అడిగింది గదొక్కటే."

"పండుగ పూట గివన్నెందుకమ్మా, ఖలాస్," అన్నారెవరో వెనకనుంచి. "నువ్వు నోరు ముయ్యి" అని ఇంకెవరో అన్నారు. ప్రజ్ఞ ఆమె చెయ్యి పట్టుకుని "పోదాం పా అమ్మమ్మా" అంది. ఐలవ్వ కదలలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా కాలు నిలవని మనిషి, అక్కడ మాత్రం పాతిపెట్టినట్టు నిలబడింది.

విక్రమ్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. మొహం ఎర్రబడింది. "నాన్నా, విన్నారా? పోశవ్వ ఎవరు?"

 ఫోనులో ముసలాయన కళ్లు కిందికి దించాడు.

"లచ్చిగాని చిన్నపిల్ల," అన్నాడు చివరికి. "నాలుగేండ్లది. గుడిసెలల్ల ఎవ్వలు లేరన్నరు మాకు. అందరు కైకిలి పోయిన్రన్నరు."

ఆ తర్వాత ఆయన మొహం పోయి పందిరి గుడ్డ కనబడింది. ఆ తర్వాత అదీ పోయింది.

పోశవ్వ చిన్నపిల్లని గానీ, నాలుగేళ్లదని గానీ ఐలవ్వ చెప్పలేదు. గుడిసెలో ఉందని కూడా చెప్పలేదు. అక్కడున్న యాభై మందికీ ఆ సంగతి ఒక్కసారే తట్టింది. ఎవరూ ఎవరివైపూ చూడలేదు. విక్రమ్ ఆరిపోయిన ఫోనును చూస్తూ, నడుచుకుంటూ పోయి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఐలవ్వ షట్టరు వైపు చెయ్యి చాపింది. "తమ్మీ, గా డప్పు ఇటియ్యి."

పర్శరాములు వచ్చాడు. వచ్చి, అలవాటు కొద్దీ ఒకడుగు దూరంలో ఆగాడు. ఆ అడుగు ఐలవ్వే వేసింది.

"నన్ను మాఫ్ చెయ్యి తమ్మీ. మంగళారం నిన్ను గడప అవతల నిలవెట్టిన. మనదాన్నని చెప్పకపోతిని. చెప్పబుద్ధి కాలే, గంత పాపిష్టిదాన్ని."

"గంత ఎండల నీళ్లు గూడ తాగకపోతినక్కా!" అన్నాడు పర్శరాములు. నవ్వబోయాడు, ఏడుపొచ్చింది. "లచ్చయ్య పెదనాయిన దెబ్బని మా నాయిన నాకు నేర్పిండు. నేను కొట్టేది గదే దెబ్బ. నీకెర్కనా?"

 ఐలవ్వ డప్పు తీసుకుంది. తోలు ఇంకా ఎండ వేడిమీద ఉంది. దాన్ని వెల్లకిలా తిప్పి రెండు చేతుల్లో పట్టుకుంటే లోతు పళ్లెంలా అయింది.

"ఆనాడు నేను పిల్లను ఇడిసివెట్టి డప్పు దెచ్చుకున్న," అంది. ఇంతవరకు ఏ మనిషితోనూ అనని మాట, మనవరాలి ముందు, ఊరి ముందు అనేసింది. "ఏం జరిగినా ముందుగాల డప్పని మా నాయిన చెప్పిండు. చెప్పినట్టే చేసిన. మా చెల్లెకు ఇంకో ఒడి లేదు. గిదే దాని ఒడి. గిండ్ల పొయ్యుండ్రి."

ప్రజ్ఞ వెనక్కి తిరిగి మొహం కప్పుకుంది. జనం ఇప్పుడు శ్రీసుధను చూస్తున్నారు. పండగ బియ్యం, దేవుడి ముందు పెట్టిన బియ్యం, దొరల కోడలు పట్టుచీరతో తోలు డప్పులో పోయాలి. మోదులొద్దిలో ఇట్లాంటిది ఎవరూ చూసి ఎరగరు. శ్రీసుధ భర్త వైపు చూసింది. అతను గోడ వైపే ఉన్నాడు.

"పెళ్లయి పదకొండేళ్లయింది నాకు," అంది శ్రీసుధ, ఎవరితో అంటోందో తెలియకుండా. "పదకొండేళ్లూ ఆ మామిడిపండ్లు తిన్నాను."

పళ్లెం పక్కనున్న మిషను మీద పెట్టి, దోసిలి నింపి, డప్పులో పోసింది. వేడి తోలు మీద గింజలు పడి జలజలా మోగాయి. ఐలవ్వ ఉలిక్కిపడింది, కానీ చేతులు దించలేదు. రెండో దోసిలి. మూడు. ఐదు దోసిళ్లూ పోసి, పైన రెండు ఖర్జూరాలు, ఒక కుడుక, రవిక గుడ్డ పెట్టి, శ్రీసుధ డప్పుకే బొట్టు పెట్టింది. ఎవరికి పెట్టాలో ఆమెకు ఇంకో దారి తోచలేదు పాపం.

తర్వాత ఐలవ్వ ఒడిలో పోసింది. డప్పులోని బియ్యాన్ని కూడా ఐలవ్వ తన కొంగులోకే ఒంపుకుంది. ఒక్క గింజ కింద పడనివ్వలేదు. ఇద్దరిదీ ఒకటే మూట. కొంగు కొసలు రెండూ పట్టి గట్టిగా ముడివేసింది.

జనంలో ఇద్దరు ముగ్గురు బయటికి వెళ్లిపోయారు. మిగతావాళ్లు ఏం చేయాలో తెలియక నిలబడ్డారు. పొద్దటి నుంచి వండిన బగారన్నం మూలన చల్లారిపోతోంది. విక్రమ్ ఇంకా ఇటు తిరగలేదు.

ఐలవ్వ డప్పు లోపల అంటుకున్న పసుపును కొంగు కొసతో తుడిచి పర్శరాములుకిచ్చింది.

"ఆడబిడ్డలకు పోసిన్నాడే మోగుతదన్నడు మా నాయిన," అంది. "ఇయ్యాల పోసిన్రు. ఇగ కొట్టు తమ్మీ."

పర్శరాములు చేతి వెనకతో కళ్లు తుడుచుకుని, డప్పు చంకకు ఎత్తుకుని, కొట్టాడు. మొదటి దెబ్బకే ఐలవ్వ గుర్తుపట్టింది. అది తండ్రి దెబ్బే. ఆమె కళ్లు మూసుకుని, ఇద్దరు పిల్లల బియ్యం బరువును రెండు చేతులా పొట్టకు హత్తుకుని వింటూ నిలబడింది. ప్రజ్ఞ దగ్గరికొచ్చి ఆ చేతుల మీద చెయ్యి వేసింది. అమ్మమ్మ వేళ్లు కదలడం లేదు.